చాటింపు నాటికి ఊళ్లో లేను

నిన్న సాయంత్రం నా మనవరాలు భుజానికి సంచి తగిలించుకుని నా గదిలోకి వచ్చింది. ఆమె స్నేహితురాళ్లు ఇద్దరు గుమ్మం దగ్గర చెప్పులు విప్పకుండానే నిలబడి ఉన్నారు.

"తాతా, ముగ్గురం చెన్నై పోయొస్తాం. రెండు రోజులే" అంది.

"రేపు చాటింపు కదమ్మా" అన్నాను.

"అయితే ఏంది తాతా?"

వంటింట్లోంచి మా కోడలు, "పోనీలే మామా, ఇప్పుడు ఎవురు పాటిస్తాండారు అవన్నీ" అంది. నిజమే. మా వీధిలో సగం మందికి చాటింపు ఎప్పుడో కూడా తెలియదు. సరే, పోయిరా అన్నాను. వాళ్ల ఆటో మలుపు తిరిగేదాకా కిటికీ ఊచలు పట్టుకుని చూస్తూ ఉన్నాను. ఆ తర్వాత పడుకున్నా నిద్ర పట్టలేదు.

తెలియనివాళ్ల కోసం చెబుతాను. మా తిరుపతిలో ఎండాకాలంలో గంగమ్మ జాతర జరుగుతుంది. ఒక మంగళవారం డప్పు కొట్టి ఊరంతా చాటింపు వేస్తారు. అప్పటినుంచి వారం రోజులు ఊరివాళ్లు పొలిమేర దాటి బయట నిద్ర చేయకూడదు. బయటివాళ్లు ఊళ్లో నిద్ర చేయకూడదు. పగటిపూట వచ్చి చూసి పోవచ్చు, దీపాలవేళకు మాత్రం వెళ్లిపోవాలి. చాటింపు నాటికి ఊళ్లో ఎవరుంటే వాళ్లే ఊరివాళ్లు. ఇక్కడే పుట్టి పెరిగినవాడైనా సరే, ఆ పొద్దు బయట ఉన్నాడంటే ఆ వారానికి బయటివాడే.

నాకు ఎనభై దాటాయి. పదిహేనేళ్ల వయసులో ఒకసారి అలా బయటివాణ్ణయ్యాను. ఆ తర్వాత మా ఇంట్లో ఏదీ మునుపటిలా లేదు.

అప్పట్లో మా ఇల్లు రైలుస్టేషనుకు కూతవేటు దూరం. ముందు వసారా, వెనక వంటిల్లు, మధ్యలో ఒక్క గది, పెరట్లో గుర్రం. మా నాయన జట్కా తోలేవాడు. స్టేషన్లో యాత్రికులను ఎక్కించుకుని కొండ కింద దించి వచ్చేవాడు. ఆయనకు మనుషులతోకంటే గుర్రంతోనే మాటలెక్కువ. పొద్దున ఉలవలు పెడుతూ దానికి ముందురోజు సంగతులన్నీ చెప్పుకునేవాడు. మాకేమైనా తెలియాలంటే గోడ ఇవతల నిలబడి వినాల్సిందే.

అమ్మా అవ్వా విస్తరాకులు కుట్టేవాళ్లు. అడవినుంచి ఆడవాళ్లు మోదుగాకులు మోపులు మోపులుగా తెచ్చి వసారాలో దించేవాళ్లు. వాటి మీద నీళ్లు చల్లి, తడిగుడ్డలో చుట్టి, పైన రాయి పెట్టి, మెత్తబడ్డాక సన్నటి వెదురుపుల్లలతో కుట్టేవాళ్లు. అమ్మ వేళ్లు ఎంత వేగమంటే, మనతో మాట్లాడుతూ, పొయ్యి మీద ఎసరు మీద ఒక కన్నేసి ఉంచుతూనే ఒక విస్తరి పూర్తిచేసేది. ఇల్లంతా పచ్చాకు వాసన, దానిలో కలిసిపోయిన గుర్రపు వాసన. బళ్లో పిల్లలు నా పక్కన కూర్చుంటే ముక్కు మూసుకునేవాళ్లు. నాకు కోపమొచ్చేది గానీ, ఇప్పుడు ఆ వాసన ఎక్కడైనా దొరుకుతుందంటే నడిచిపోయి పీల్చుకుని వస్తాను.

తిండి అందరిళ్లలో ఉన్నట్టే. మధ్యాహ్నం రాగిసంగటి, రోట్లో నూరిన ఊరిబిండి. యుద్ధం రోజులు కాబట్టి బియ్యం దొరకడమే గగనం. కిరసనాయిలు కూడా అంతే. దీపం ఒక్కటే వెలిగేది, దాని చుట్టూ అయిదుగురం చేరేవాళ్లం. అమ్మ సంగటి ముద్ద చేసి, మధ్యలో గుంట పెట్టి, అందులో పులుసు పోసి చేతిలో పెట్టేది. పదిహేనేళ్లొచ్చినా నాకు అలా పెట్టాల్సిందే. "మీసాలొస్తాండాయి, ఇంకా ముద్దలు పెట్టించుకుంటాండాడు సూడు" అని అవ్వ దెప్పేది. "వస్తే రానీలే అత్తా, మీసాలకు కూడా ఒక ముద్ద పెడతా" అనేది అమ్మ. నేను తిన్నాక, ముద్ద పెట్టిన చేయి కడుక్కోకుండానే నా నెత్తి మీద ఎడంచేత్తో ఒకసారి రుద్దేది. అది ఆమె అలవాటు.

నా తర్వాత అమ్మకు ఇద్దరు పుట్టి పోయారు. ఆ తర్వాత మా చెల్లెలు. నాకూ దానికీ ఎనిమిదేళ్ల తేడా. అది పగలంతా అమ్మ పక్కన కూర్చుని చిన్న ఆకులతో బొమ్మలకు విస్తర్లు కుట్టేది. నోరు మాత్రం పెద్దది. ఏది చెప్పినా నమ్మేది కాదు. సముద్రం నీళ్లు ఉప్పగా ఉంటాయని మా బళ్లో చెప్పారంటే, "ఎవురు ఏసినారు అంత ఉప్పు? మీ అయ్యవారా?" అని అడిగింది.

ఆ ఎండాకాలం మొదట్లోనే మా వీధికి టీకాల మనిషి వచ్చాడు. ఊరి ఆ కొసన ఎక్కడో ఇద్దరు ముగ్గురికి అమ్మవారు పోసిందని అప్పటికే చెప్పుకుంటున్నారు. నాకు బళ్లోనే టీకా వేశారు. తిరుగుడు సూదితో రెండు జబ్బల మీదా రెండేసి చోట్ల గీరారు. అవి చీము పట్టి, పొక్కులూడి, బిళ్లలంత మచ్చలు నాలుగు మిగిలాయి. వాటిని చూపించి చెల్లెల్ని తెగ బెదిరించేవాణ్ణి. "నీకు నాలుగు కాదు, నలభై ఏస్తారు" అనేవాణ్ణి. టీకాల మనిషి మా వరసలోకి వచ్చేసరికి అమ్మ ఇంట్లో లేదు. కుట్టిన విస్తర్లు హోటలుకు వేసి రావడానికి పోయింది. చెల్లెలు ఏడుపు లంకించుకుంది. అవ్వ నన్ను పిలిచి, "ఆ తల్లి పోసే దాన్ని ఈ సూదోడు ఆపుతాడా? తల్లికి కోపమొస్తాది. బిడ్డను దాచిపెట్టు" అంది.

నాకది పండగే అయింది. చెల్లెల్ని వసారాలో ఆకుల మోపుల మధ్య కూర్చోబెట్టి, పైన తడిగుడ్డ కప్పి, దాని మీద ఇంకో మోపు పెట్టాను. టీకాల మనిషి వచ్చి అడిగితే, "చెల్లెలా? అమ్మమ్మోళ్లూరికి పోయింది" అని తడుముకోకుండా చెప్పాను. ఆకులు గలగలమన్నాయి. లోపల అది నవ్వు ఆపుకోలేక కదులుతోంది. "ఎలకలు సామీ, ఆకులంతా కొరికేస్తాండాయి" అంది అవ్వ. ఆయన మా ముఖాలు చూసి, కాగితంలో ఏదో రాసుకుని పక్కింటికి పోయాడు. మోపు తీస్తే, చెల్లెలు చెమటతో తడిసి, జుట్టునిండా ఆకుముక్కలతో, కడుపు పట్టుకుని నవ్వుతోంది. అవ్వా నేనూ కూడా నవ్వాం. "మీ అమ్మకు చెప్పబాకండి" అంది అవ్వ. మేం చెప్పలేదు.

నాకు ఇద్దరు స్నేహితులు. ఒకడు పొడుగోడు, వాడి మేనమామ మద్రాసులో ఉండేవాడు. ఇంకొకడు పూలంగడి వాళ్లబ్బాయి. వాడి చొక్కాలో ఎప్పుడూ మల్లెమొగ్గ ఏదో ఒకటి చిక్కుకుని ఉండేది. ఆ ఏడాది పరీక్షలయ్యాక మద్రాసు చూసి రావాలని ముగ్గురం పట్టుబట్టాం. అంతకు ముందు సంవత్సరం మద్రాసు మీద బాంబులు పడతాయని జనం మూటాముల్లె సర్దుకుని మా వైపుకే పారిపోయి వచ్చారు. ఇప్పుడు తిరిగి పోతున్నారు. పొడుగోడి మామ కూడా తిరిగిపోయి, రమ్మని కార్డు రాశాడు.

జాతర దగ్గర పడుతోందని అమ్మ వెనకాడింది. సోమవారం పొద్దున పోయి, మంగళవారం మధ్యాహ్నం బండికి వచ్చేస్తామని ఒట్టు పెట్టాను.

"దీపాలు పెట్టే పొద్దుకు ఇంట్లో ఉండాల" అంది అమ్మ.

"ఉంటా."

"డప్పు కొట్టినాక వస్తే ఊళ్లో పండుకోనీరు. తెలుసు కదా?"

"తెలుసులే అమ్మా, నేనేమన్నా పసిపిల్లోణ్ణా?"

చెల్లెలు ఖాళీ ఆముదం సీసా ఒకటి తెచ్చి నా సంచిలో పెట్టింది. "సముద్రం నీళ్లు పట్టుకోని రా. నేను తాగి సూస్తా" అంది. నాయన మమ్మల్ని జట్కాలో స్టేషన్ దగ్గర దింపి, నాతో ఏమీ అనకుండా, "వస్తాడులే రేపు" అని గుర్రంతో చెప్పి పోయాడు.

మద్రాసు గురించి ఎంతైనా చెప్పగలను, కానీ ఇప్పుడు చెప్పాలంటే నోరు రాదు. ట్రాముబండి ఎక్కాం. కాఫీహోటల్లో ఇడ్లీ తిన్నాం. సాంబారు తియ్యగా ఉందని పూలంగడోడు పోట్లాట పెట్టుకోబోయాడు. ఆ రోజుల్లో మనవాళ్లు మ్యూజియాన్ని సచ్చిన కాలేజీ అనీ, జంతువులుండే చోటును బతికిన కాలేజీ అనీ అనేవాళ్లు. ముందు సచ్చిన కాలేజీ చూసి, ఆ తర్వాత బతికిన కాలేజీకి పోయాం. అక్కడ పులి బోను ఖాళీ. సింహం బోను కూడా ఖాళీ. బాంబులు పడి బోన్లు విరిగితే అవి ఊరి మీద పడతాయని ముందుగానే కాల్చేశారని పొడుగోడి మామ చెప్పాడు. ఆ బాంబులు పడనే లేదు. ఖాళీ బోను ముందు నిలబడి మేం ముగ్గురం కాసేపు లోపల గడ్డివైపు చూశాం. తర్వాత కోతుల దగ్గరికి పోయి నవ్వుకున్నాం.

సాయంత్రం సముద్రం దగ్గరికి పోయాం. మోకాళ్లదాకా దిగి ఆముదం సీసా నింపి బిరడా పెట్టాను. నేను పోయిన పని అక్కడితో అయిపోయింది. ఇది ఎందుకు చెబుతున్నానంటే, తర్వాత ఇంట్లో అడిగినప్పుడు సముద్రం నీళ్ల కోసమే ఒక పూట ఆగిపోయానని చెప్పాను. అది అబద్ధం.

మంగళవారం మధ్యాహ్నం సంచులు సర్దుకుంటుంటే పొడుగోడి మామ, సాయంత్రం ఆటకు బయస్కోపు చూపిస్తానన్నాడు. మేమెవరమూ అంతవరకు మాట్లాడే బొమ్మ చూసి ఎరగం.

"ఈ పొద్దు చాటింపు మామా" అన్నాను.

"చాటింపుకు ముందే ఊరు దాటినారు కదరా. దాటబాకండని చెప్పేది ఊళ్లో ఉండేవాళ్లకు. మీకేమి?" అన్నాడు ఆయన. మామ ఊరు విడిచి ఇరవై ఏళ్లు. మరిచిపోయాడో, మమ్మల్ని ఆపడానికే అన్నాడో తెలియదు. పూలంగడోడు నా వైపు చూశాడు. నాకు తెలుసు అది తప్పని. అమ్మ చెప్పిన మాట చెవిలోనే ఉంది. అయినా, "అవును కదా" అన్నాను. ఆ బొమ్మలో ఏం చూశామో ఇప్పుడు ఒక్క ముక్క గుర్తులేదు.

బుధవారం రేణిగుంటలో బండి దిగి తిరుపతి బండి కోసం నిలబడితే, ఎదురుగా ఊరినుంచి వచ్చిన పొడుగోడి చిన్నాయన కనిపించాడు. మమ్మల్ని చూడగానే నెత్తిన చేతులు పెట్టుకున్నాడు.

"రాత్రే డప్పు కొట్టేసినారు కదరా! ఇంగ మీరు ఊళ్లో నిద్ర సెయ్యకూడదు. మీ అమ్మోళ్లు స్టేషన్ కాడ కండ్లు కాయలు కాసేట్టు ఎదురుసూసినారు."

రేణిగుంటలో పొడుగోడి అత్త ఇల్లు ఉండేది. ముగ్గురినీ ఆ వారమంతా అక్కడే ఉండమన్నారు. పొడుగోడికీ పూలంగడోడికీ అది ఇంకో షికారు. నాకు మాత్రం మొదటి రాత్రే ఇంటిమీద గాలి మళ్లింది. గురువారం పగటిపూట పోయి, సీసా ఇచ్చి, అమ్మ చేతి ముద్ద తిని, చీకటి పడకముందే వచ్చేస్తానని చెప్పి, రైలుకట్ట వెంబడి నడిచి ఇంటికి పోయాను.

ఊరంతా వేపాకు తోరణాలు. ఒళ్లంతా ఎర్రగా కుంకుమ పూసుకుని బండ వేషం కట్టినవాళ్లు వీధుల్లో తిరుగుతూ కనపడినవాళ్లనల్లా తిడుతున్నారు. ఆ వారం తిట్టినా అమ్మవారికి మొక్కే. నేను మాత్రం పరాయి ఊరికి వచ్చినట్టు గోడల పక్కన నక్కి నడిచాను. ఇంట్లోకి అడుగుపెట్టగానే అమ్మ నన్ను చూసింది. ఆకులు పక్కన పెట్టి లేచి, సంగటి ముద్ద చేసి పెట్టింది. చెల్లెలు సీసా బిరడా తీసి గటుక్కున ఒక గుక్క తాగి ఉమ్మేసింది.

"ఇది సముద్రమా? ఉత్త ఆముదం!" అంది. "సముద్రమంతా ఇట్లే కంపు కొడతాదా?"

"సీసా కంపు అది."

"నేను నమ్మను పో."

పొద్దు వాలింది. అవ్వ గుమ్మంలోకి వచ్చి, "దీపాలు పెట్టాల. ఇంగ పోతాడా వాడు?" అని అడిగింది. నేను లేచి సంచి తీసుకున్నాను. ఇంటి ముందు మెట్టు దిగాను. ఇప్పటికీ నాకు ఆ మెట్టు, దాని మీద చల్లిన పసుపునీళ్లు కనిపిస్తాయి. అప్పుడే అమ్మ వసారాలోంచి ఒక్క అంగలో వచ్చి నా రెక్క పట్టుకుంది.

"యాడికి పోయేది?" అంది. "పిల్లోడు పొద్దుగూకినాక ఆరు మైళ్లు ఎట్ల పోతాడు?"

"ఏమే, నీకు మతి ఉండాదా?" అంది అవ్వ. "చాటింపు నాటికి వాడు ఊళ్లో లేడు. పరాయోడు. పరాయోణ్ణి ఇంట్లో పండబెడితే తల్లి ఊరకుంటాదా?"

"వాడు పరాయోడా అత్తా? నా కడుపున పుట్టినోడు నాకు పరాయోడు ఎట్లయితాడు? ఆ తల్లి కూడా తల్లే కదా."

అని నన్ను లోపలికి లాగి గడియ పెట్టింది. నా రెక్క మీద ఆమె అయిదు వేళ్ల గుర్తులు చాలాసేపు ఉన్నాయి. గుర్రాన్ని కట్టేసి వచ్చిన నాయన నన్ను చూశాడు, అమ్మను చూశాడు. "ఎవురికీ కనపడకుండా సూసుకోండి" అని కాళ్లు కడుక్కోవడానికి పోయాడు.

నిజం చెప్పాలంటే నా బతుకులో అంత హాయిగా గడిచిన రోజులు మళ్లీ రాలేదు. నన్ను గది దాటనివ్వలేదు. కిటికీకి గోనెపట్టా కట్టారు. బయట డప్పులు, అరుపులు. నాకు జాతర చూపించే పని చెల్లెలు పెట్టుకుంది. జాతరలో రోజుకొక వేషం కడతారు. బయటికి పోయి ఆ వేషాలు చూసి రావడం, లోపలికొచ్చి నా ముందు ఆడడం. గురువారం రాత్రే అవ్వ కుంకుమ భరిణె ఖాళీ చేసి బండ వేషం కట్టి, నన్ను నోటికొచ్చినట్టు తిట్టింది. ఆ తిట్లు ఎక్కడ నేర్చిందో గానీ, అవ్వ అంత భయంలోనూ పకపకా నవ్వింది. శుక్రవారం తోటి వేషం. పొయ్యిలో బొగ్గులు నూరి ఒళ్లంతా పూసుకుని, వేపమండలు నడుముకు చుట్టుకుంది. పళ్లు మాత్రమే తెల్లగా కనిపించాయి. శనివారం దొర వేషానికి నాయన తలగుడ్డ కావలసి వచ్చింది. అది దానికంటే పొడుగు, తొక్కుకుని పడింది.

ఆదివారం మాతంగి వేషం. నేను గదిలో దానికోసం కూర్చుని ఉన్నాను. అది వచ్చి, వేషం కట్టకుండా నా పక్కన పడుకుని, "రేపు ఆడతాలేన్నా. నడుం నొప్పి" అంది. నుదురు మీద చేయి పెడితే కాలిపోతోంది.

బుధవారం తెల్లవారుజామున గుడి ముందు మట్టితో చేసిన అమ్మవారి విశ్వరూపాన్ని చెరిపేస్తారు, ఆ మట్టిని జనం ఎగబడి తీసుకుపోతారు. దాన్ని నీళ్లలో కలిపి ఇస్తే జబ్బులు పోతాయంటారు. అమ్మ ఆ తొక్కిసలాటలో దూరి ఇంత మట్టి తెచ్చింది. అప్పటికి చెల్లెలి ముఖం మీద పొక్కులు కనిపించాయి. గుమ్మానికి వేపమండలు కట్టారు. తాలింపు వేయడం మానేశారు. ఎవరూ జుట్టు దువ్వుకోలేదు, బట్టలుతకలేదు. "అమ్మ వచ్చింది" అనేవాళ్లు తప్ప జబ్బు అనేవాళ్లు కాదు. అమ్మ వేపాకులు పరిచి దాని మీద పడుకోబెట్టి, వేపమండతో విసురుతూ, పగలూ రాత్రీ కదలలేదు.

అవ్వ ఒక్కసారే అంది, అదీ మెల్లగా. "వాణ్ని లోపలికి లాక్కుంటివి. తల్లి సూడలేదనుకుంటివా?"

అమ్మ తన కుడిచేతి వైపు చూసుకుంది.

పొక్కులు దిగితే తలకు నీళ్లు పోయడానికి అవ్వ పసుపూ వేపాకూ నూరి సిద్ధంగా పెట్టింది. ఆ నీళ్లు పోసే రోజు రాలేదు. చివరి రెండు రోజులు చెల్లెలికి కళ్లు తెరుచుకోలేదు. ఒకసారి మాత్రం, "అన్నా, సముద్రం నిజంగా ఉప్పగా ఉంటాదా?" అని అడిగింది. "ఉంటాది" అన్నాను. ఈసారి నమ్మనని అనలేదు.

నాయన దాన్ని జట్కాలోనే తీసుకుపోయాడు. ఆ రోజు ఆయన గుర్రంతో కూడా మాట్లాడలేదు.

తర్వాత అమ్మ నాకు ముద్ద పెట్టలేదు. సంగటి కంచంలో వేసి, నేల మీద పెట్టి, కంచాన్ని నావైపు తోసి లేచిపోయేది. నెత్తి మీద చేయి వేయలేదు. నాకు జ్వరమొస్తే అవ్వ పట్టీ వేసేది, అమ్మ గుమ్మంలో కూర్చుని చూసేది. దారిలో నేను ఎదురైతే గోడకు ఒరిగి నిలబడి దారి ఇచ్చేది. నా పెళ్లిలో అందరూ దగ్గరికొచ్చి అక్షింతలు వేశారు, ఆమె మాత్రం నాలుగడుగుల దూరం నుంచి చల్లింది. అవి నా మీద పడలేదు, నా భార్య చీర మీద పడ్డాయి. నా మీద కోపం అనుకున్నాను. ఉండడం న్యాయమే కదా. బయస్కోపు కోసం చెల్లెల్ని చంపుకున్నవాణ్ణి. చిత్తూరులో ఉద్యోగం వస్తే, దూరంగా ఉంటే ఆమెకైనా సుఖమని పోయాను. అవ్వ పోయింది, నాయన పోయాడు. అమ్మను రమ్మంటే రాలేదు. ఆ ఇంట్లోనే విస్తర్లు కుట్టుకుంటూ ఉండిపోయింది. గూట్లో ఆ ఆముదం సీసా అట్లే ఉండేది. నీళ్లు ఎప్పుడో ఇగిరిపోయి, అడుగున తెల్లటి పొర మిగిలింది.

ఇరవై ఏళ్ల పైన గడిచాయి. చిత్తూరులో మా పక్కింట్లో ఒక డాక్టరు చేరాడు. మా అబ్బాయికి టీకా వేస్తూ నా జబ్బ మీద మచ్చలు చూసి మాటలు కలిపాడు. ఎవరితోనూ చెప్పనిది ఆయనతో చెప్పాను. ఆయన వేళ్ల మీద లెక్కపెట్టాడు.

"మీరు ఇంటికి పోయింది గురువారం. జ్వరం వచ్చింది ఆదివారం. అంతేనా? అయితే మీ వల్ల కాదు. మశూచి ఒంట్లో చేరాక బయటపడడానికి పది పన్నెండు రోజులు పడుతుంది. మీరు మద్రాసు బండి ఎక్కక ముందే ఆ పిల్లకు సోకింది" అన్నాడు. తర్వాత సూది కడుగుతూ, "టీకా వేయించలేదా ఆ పిల్లకు?" అని మామూలుగా అడిగాడు.

ఆ రెండో మాట నేను అప్పుడు సరిగ్గా వినలేదు. మొదటి మాట పట్టుకుని ఆ సాయంత్రమే బస్సెక్కాను. దారి పొడుగునా నాలో నేను నవ్వుకుంటున్నాను. తప్పు నాది కాదు, నీది కాదు అని అమ్మకు చెబుతాను, ఆమె నా నెత్తి మీద చేయి వేస్తుంది. అంతే నా ఆలోచన.

అమ్మ వసారాలో ఆకులు కుడుతోంది. ఎదురుగా కూర్చుని అంతా చెప్పాను. రోజులు లెక్కపెట్టి చూపించాను. ఆమె పుల్ల గుచ్చడం ఆపి విన్నది.

"ఇంక నా మీద కోపం వదిలెయ్యమ్మా" అన్నాను.

"కోపమా?" అంది. "నీ మింద నాకు కోపమని ఎవురు చెప్పినార్రా?"

"మరి ఇన్నేళ్లు నన్ను ముట్టుకోలేదు కదా."

అమ్మ తన కుడిచేయి ఒళ్లో పెట్టుకుని చూసుకుంది.

"ఆ పొద్దు నీ రెక్క పట్టుకోని లోపలికి లాక్కునింది ఈ చెయ్యేరా. తల్లి మాట తప్పిన చెయ్యి. ఇదే చేత్తో దాన్ని ముట్టుకున్నా, పాయె. ఇంగ నిన్ను కూడా ముట్టుకుంటే నిన్నూ అడుగుతాదని... నువ్వన్నా మిగలాలని. నా కండ్ల ముందర తిరగతా ఉంటే సాలు అనుకున్నా."

ఆమె కాసేపు ఆకుల వైపు చూసింది.

"మీ డాక్టరు చెప్పింది నిజమేనా?"

"నిజమే అమ్మా."

"అయితే ఇన్నేండ్లూ ఊరికేనా?"

నేను తల వంచుకున్నాను. చాలాసేపటికి ఆమె చేయి ఎత్తింది. నా తల దాకా వచ్చింది, వేడి తగిలేంత దగ్గరికి వచ్చింది. అక్కడే ఆగింది. మళ్లీ ఒళ్లోకి తీసుకుంది.

"రాలేదురా. అలవాటు తప్పింది" అంది. ఆకు తీసుకుని పుల్ల గుచ్చబోయింది, గుచ్చలేకపోయింది. ఆ రోజు తర్వాత ఆమె విస్తర్లు కుట్టలేదు. భయంతో బతికినన్నాళ్లు గట్టిగానే ఉంది. భయం అక్కర్లేదని తెలిశాక ఏడాది కూడా ఉండలేదు. పోయేవరకు నన్ను ముట్టుకోలేదు. పోయాక ఆ చేయి నేనే పట్టుకున్నాను.

డాక్టరు అడిగిన రెండో మాట ఆమె పోయిన తర్వాతే నాకు నిద్రలో వినిపించడం మొదలైంది. ఆకుల మోపుల కింద నవ్వు ఆపుకుంటున్న చెల్లెలు. "అమ్మమ్మోళ్లూరికి పోయింది" అని తడుముకోకుండా చెప్పిన నేను. ఆ సంగతి అమ్మకు ఎన్నడూ తెలియదు. ఇంట్లోకి లాక్కున్నందుకు ఆమె తన చేతిని శిక్షించుకుంది. దాచిపెట్టిన చేతులు నావి. వాటితో నేను పిల్లల్ని ఎత్తుకున్నాను, మనవలను ఎత్తుకున్నాను, నాకు ఏమీ కాలేదు.

ఇప్పుడు వీధి చివర డప్పు వినిపిస్తోంది. మునుపటంత గట్టిగా లేదు, బస్సుల చప్పుడులో కలిసిపోతోంది. మనవరాలు ఫోన్ చేసి సముద్రం దగ్గర ఉన్నామంది. "నీకేం తేవాల తాతా?" అని అడిగింది. ఏమీ వద్దన్నాను. ఈ రాత్రి ఆమె పొలిమేర బయట నిద్ర చేస్తుంది. రేపు వచ్చి తన గదిలో పడుకుంటుంది. ఏమీ కాదు. ఏమీ కాదని నాకు తెలుసు. మా అమ్మకు కూడా ఆ సంగతి నేనే బస్సెక్కి పోయి మరీ చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది.